మూసిన చిప్ప

చిప్ప 1. తూర్పు సొరంగం, మూడో మలుపు. తీర్పు: దొప్ప.

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నా పేరు నూకరత్నం. నిన్నమొన్నటిదాకా ఈ తీర్పులు యంత్రం చెప్పేది. దాని గాజుకన్ను ముందు రాతిచిప్ప పెడితే రెప్పపాటులో "దొప్ప" అనో "పలక" అనో గొంతు వినబడేది. అందరూ తలొంచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. యంత్రంతో ఎవడు పోట్లాడతాడు? ఇప్పుడది చచ్చింది. ఎంతమంది ఎన్ని తీగలు గిల్లినా లేవలేదు. ఇన్నేళ్ళూ దాని గాజు తుడిచింది నేనే కాబట్టి "ఇకనుంచి కన్ను మీరేనండి" అని రెండు వైపుల పెద్దలూ నా నెత్తిన రుద్దారు. పీడ విరగడైందనుకుంటే మెడకు చుట్టుకుంది.

ఇవాళ్టిది సులువే. చిప్ప లోతుగా ఉంది, వీపు మీద దళసరి గీతలున్నాయి. చీపురుపుల్లతో సందుల్లో మట్టి గీకి ఇరుసు చూశాను. ఇరుసంటే చిప్ప మొదట్లో మందంగా ఉండే చోటు. అక్కడ రెండు గుంటలుండి చిప్ప లోతుగా ఉంటే దొప్ప. రెండు పళ్ళుండి బల్లపరుపుగా ఉంటే పలక. సొరంగం తవ్వేటప్పుడు గోడ చెమర్చిన చోట మొదట ఊడిన చిప్ప దొప్పయితే ఆ నీళ్ళు తూర్పు వైపు దొప్పవాళ్ళవి, పలకయితే పడమటి వైపు పలకవాళ్ళవి. ఈ సున్నపురాతి గట్టులో ఒక్కో పొరలో ఒక్కో రకమే దొరుకుతుంది కాబట్టి తాతల కాలం నుంచీ అలాగే జరిగిపోతోంది. గట్టు చుట్టూ ఉన్న సముద్రంలో ఉప్పు తప్ప ప్రాణమున్న వస్తువు లేదు. గుక్కెడు నీళ్ళు కావాలంటే రాతిలోనే వెతుక్కోవాలి.

తీర్పు చెప్పగానే ఓడినవాళ్ళు సొరంగం వదిలి నడవాలి. నడవకపోతే ప్రాణానికి పూచీ లేదు. పలకవాళ్ళ ఉలిమనిషి ఒకడు అక్కడే నిలబడి ఏదో గొణిగాడు. దొప్పవాళ్ళ పెద్ద అబ్బులు సుత్తి తిప్పి వాడి మోకాలి మీద కొట్టాడు. కింద పడ్డాక తల మీద కొట్టాడు. ఆ చప్పుడు ఇంకా నా చెవిలోనే ఉంది.

"తీర్పయ్యాకా ఈ గొణుగుడేంటండీ? ఆయ్, మీరు రాసుకోండి రత్నంగారూ," అన్నాడు, చేతికంటిన నెత్తురు ఇసకతో రుద్దుకుంటూ. కడుక్కోవడానికి నీళ్ళు వృథా చేయడు, అంత పొదుపరి.

చిప్ప 4. పడమటి సొరంగం, కింది మెట్టు. తీర్పు: పలక.

పొద్దున్నే కిటికీ కన్నానికి పేరుకున్న ఉప్పు గీకి, జావ కాచి, పైడిని లేపాను. పైడి నా ఒక్కగానొక్క కూతురు. నీళ్ళు కారిపోకుండా సొరంగాల గోడలకు సున్నం పూస్తుంది. చేతులన్నీ పగుళ్ళు. ఆముదం రాసుకోవే అంటే, "రాసుకుంటే సున్నం అంటదమ్మా" అంటుంది. పెళ్ళి మాటెత్తితే "ఏ వైపోణ్ణి సేసుకోమంటావ్?" అని నన్నే అడుగుతుంది. అప్పుడు యంత్రం తుడిచిన, ఇప్పుడు తీర్పు చెప్పే ఇంటి పిల్లకు ఏ వైపూ లేదు. అందుకే మేం గట్టు నడినెత్తిన, ఉప్పుగాలికి ఎదురుగా బతుకుతున్నాం.

చిప్ప పలక, అందులో సందేహం లేదు. అద్దంలా సాపుగా ఉంది, ఇరుసు దగ్గర రెండు పళ్ళు పొడుచుకొచ్చాయి. లోపల కండ పట్టుకున్న మచ్చ కూడా తెలుస్తోంది. ఈ మచ్చ దొప్పలోనూ ఇదే కొలతలో, ఇదే ఆకారంలో ఉంటుంది, కాకపోతే ఎడమ కుడి తిరగబడి. యంత్రం దాన్నెప్పుడూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

దొప్పవాళ్ళు ముగ్గురు మాట వినకుండా కుండలు ముంచారు. పలకవాళ్ళ పెద్ద సూరాయమ్మ తన మనుషులకు కనుసైగ చేసింది. వాళ్ళు కాల్చిన సున్నం పొడి గుప్పిళ్ళతో తీసి ఆ ముగ్గురి మొహాన కొట్టారు. తడిమొహం మీద పడ్డ పచ్చిసున్నం ఏం చేస్తుందో ఈ గట్టు మీద పసిపిల్లలకు కూడా తెలుసు. కళ్ళు చేతులతో మూసుకుని అరుస్తూ ఒకడు తిన్నగా వెళ్ళి గోడకు గుద్దుకున్నాడు. సూరాయమ్మ ఆ కుండల్లో నీళ్ళు తిరిగి తొట్టిలో పోయించింది. "మా నీళ్ళు మాకొచ్చాయి, ఆళ్ళ కళ్ళు ఆళ్ళు ఎతుక్కుంటారు," అంది. ఆమె కొడుకులిద్దర్నీ దొప్పవాళ్ళే చంపారు. ఆ తర్వాత ఆమె ఎవరి మీదా జాలిపడగా నేను చూడలేదు.

చిప్ప 7. నడిమి పొర. తీర్పు: ఇంకా లేదు.

తూర్పు నుంచి దొప్పవాళ్ళూ, పడమటి నుంచి పలకవాళ్ళూ తవ్వుకుంటూ వచ్చి గట్టు నట్టనడుమ ఎదురుపడ్డారు. మధ్యన మిగిలిన బండ లోంచి నీళ్ళు చెమర్చడం కాదు, ధారగా కారుతున్నాయి. మా అమ్మ కూడా అంత ధార చూసి ఉండదు. రెండు వైపులా కలిపి ఒక తరం బతికేటన్ని నీళ్ళు.

గోడ నుంచి మొదట ఊడిన చిప్ప నా చేతిలో పెట్టారు. అది దొప్పా కాదు, పలకా కాదు. గుప్పిట బిగించినట్టు ముద్దగా ఉంది. ఒక పక్క లోతు, రెండో పక్క సాపు. లోపలేముందో కనబడదు. అంచు చుట్టూ సన్నని గీత ఉంది. ఆ గోడ నిండా ఇలాంటి ముద్దలే.

"ఈపు సూడండి, దొప్ప కాదా?" అని అబ్బులు.

"ఇటు తిప్పి సూడవే రత్నం, పలక కాదా?" అని సూరాయమ్మ.

వెంటనే చెప్పలేను, గడువు కావాలి అన్నాను. అదే నేను చేసిన తప్పు. ఏదో ఒకటి అనేసి ఉంటే నలుగురు చచ్చేవాళ్ళేమో, అక్కడితో పోయేది. గడువడిగితే తాకట్టు పెట్టాలట. యంత్రం రాకముందు ఆ కట్టుబాటు ఉండేది. యంత్రానికి కడుపెక్కడిది తాకట్టు పెట్టడానికి? అందుకే అందరం మరిచిపోయాం. సూరాయమ్మ మరిచిపోలేదు.

తీర్పు చెప్పేవాళ్ళ కడుపున పుట్టినవాళ్ళు తడిగోడ దగ్గర నిలబడాలి. వాళ్ళను లోపలుంచి ఎదురుగా రాతిగోడ కట్టేస్తారు. కింది సగం ఒక వైపువాళ్ళు, పై సగం రెండో వైపువాళ్ళు. తీర్పును రెండు వైపులా ఒప్పుకుని, ఇద్దరు పెద్దల సుత్తులూ కలిసి పడితేనే గోడ పగలాలి. ఒక్కరే పగలగొట్టబోతే రెండో వైపువాళ్ళు వాళ్ళను అక్కడే నరికేస్తారు. తీర్పు చెప్పేవాళ్ళు లంచానికీ, భయానికీ లొంగకుండా ఉండాలంటే ఇదే మార్గమట. ఎవడు పెట్టాడో గానీ వాడికి పిల్లలు ఉండి ఉండరు.

పైడిని జుట్టు పట్టుకుని లాక్కొచ్చారు. నేను అబ్బులు చెయ్యి కొరికాను. అతను నన్ను ఒక్క తోపు తోశాడు, పళ్ళు రెండు ఊడాయి. "మీ మీద కోపం లేదండి, కట్టుబాటండి," అన్నాడు. పైడి ఏడవలేదు. ఒకణ్ణి మోకాలితో పొడిచింది. వాళ్ళు దాని చేతులు విరిచిపట్టి లోపలికి నెట్టారు. తను రోజూ పూసే సున్నంతోనే తనకు గోడ కట్టారు. మెడ ఎత్తున, గంజి పోయడానికి, అరచెయ్యి పట్టేటంత కన్నం వదిలారు. లోపల ధార ఆగదు. నీళ్ళు మడమ దాటాయి.

చిప్ప 7. మళ్ళీ.

గోడ కింద రాలిన ముద్దలు కొంగున వేసుకొచ్చాను. ఏడుస్తూనే కడిగాను, ఏడుస్తూనే గీకాను. తిట్టని దేవుడు లేడు.

దొప్పవాళ్ళ ముసలి విధవరాలు బుల్లెమ్మ గోడ దగ్గరికి గంజి పట్టుకెళుతోంది. ఆమెను ఎవరూ పంపలేదు. భర్తను పలకవాళ్ళు సున్నపు గొయ్యిలో తోసి చంపారు. పిల్లల్లేరు. "పిల్లకి గంజి పోసొచ్చానమ్మా. తాగింది. మోకాళ్ళు దాటాయంట," అని చెప్పి, నా పొయ్యి మీద మాడుతున్న జావ దించి వెళ్ళింది. ఆమె తాగాల్సిన గంజే అది. నాకు తెలుసు.

ఒక ముద్ద అంచు గీతలో సన్న ఉలి పెట్టి, మెల్లగా తట్టాను. తిప్పి తట్టాను. ఠక్కుమని రెండుగా విడిపోయింది. కుడిచేతిలో దొప్ప. ఎడంచేతిలో పలక. దొప్ప ఇరుసులో రెండు గుంటలు, పలక ఇరుసులో రెండు పళ్ళు. పళ్ళు గుంటల్లో పెట్టి మూస్తే మళ్ళీ ముద్ద. కండ మచ్చలు ఒకదానికెదురుగా ఒకటి.

ఇంకోటి విప్పాను. అదీ అంతే. అన్నీ అంతే.

స్వాతివానకు ఆల్చిప్ప నోరు తెరుస్తుంది, చినుకు పడితే ముత్యమవుతుంది అని మా అమ్మమ్మ అనేది. నేనూ పైడికి చెప్పాను. నోరు తెరవాలంటే రెండు పెదాలుండాలి కదా! ఇంత వయసొచ్చీ, ఆ మాట వందసార్లు అనీ, నాకు ఆ ఊహే రాలేదు. బతికున్న ఆల్చిప్పను చూసినవాళ్ళెవరూ మాలో లేరు. యంత్రానికి చూపించినవన్నీ విడిచిప్పలే, అది మాత్రం ఏం చేస్తుంది? బరువైన దొప్ప గిన్నెలను అలలు ఒక చోట కుప్ప పోసి ఉంటాయి, తేలికైన పలక మూతలను ఇంకో చోటికి ఈడ్చి ఉంటాయి. అదే తూర్పు పొర, అదే పడమటి పొర. నడిమి పొరలో మాత్రం బురద ఒక్క పెట్టున మీద పడి, నోరు మూసినవి మూసినట్టే సమాధైపోయాయి. ప్రాణాలతోనే పూడిపోయాయి.

రెండు రకాలు లేవు. ఎప్పుడూ లేవు. ఒక్కటే జీవి. దాని గిన్నె కోసం కొందరు, మూత కోసం కొందరు చంపుకున్నాం.

పరుగెత్తుకెళ్ళి కన్నం దగ్గర నోరు పెట్టాను. "పైడీ, దొరికిందే. నిజం దొరికింది. రేపీపాటికి బయటుంటావు."

"నడుం దాకా ఒచ్చాయమ్మా. సల్లగా ఉన్నాయి. బేగి సెప్పు," అంది. దాని వేళ్ళు కన్నంలోంచి బయటికొచ్చాయి. పట్టుకున్నాను. మంచులా ఉన్నాయి.

చిప్ప 7. తీర్పు: దొప్పా పలకా ఒకే చిప్ప.

చెప్పాను. అందరి ముందూ, గోడ ఎదుటే, ఉలి పెట్టి విప్పి చూపించాను. పళ్ళు గుంటల్లో పెట్టి మూశాను, తెరిచాను, మళ్ళీ మూశాను. పసిపిల్లలకు చెప్పినట్టు చెప్పాను. నీళ్ళు ఇద్దరివీ, గోడ పగలగొట్టండి అన్నాను. అయిపోయింది, నా బిడ్డ బయటికొచ్చేసింది అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

ముందు అబ్బులు నవ్వాడు. "అయితే పలకంటే మా గిన్నె మీద మూతన్నమాట. గిన్నె ఉంటేనే గదండీ మూత! ఈ గట్టంతా మాదేనండి."

"గిన్నెలో ఏవుందో కాసేది మూతరా. మూత తీస్తే నీ గిన్నె కుక్కలు నాకుతాయి," అన్నాడు పలకవాళ్ళలో ఒకడు.

సూరాయమ్మ మాత్రం వాళ్ళ మాటలు పట్టించుకోలేదు. నా దగ్గరికొచ్చి రెండు సగాలూ చేతిలోకి తీసుకుంది. తనే మూసింది, తెరిచింది. "రత్నం, నా పెద్దోడు దొప్పోళ్ళ సుత్తికి పోయాడు. సిన్నోడికి పదారేళ్ళే. పలక కోసం సచ్చాడని సెప్పుకుని బతుకుతున్నానే. ఒక్కటే అంటావా? మరి నా బిడ్డలు దేనికి సచ్చారే?" అంది. ఆ గొంతు వింటే నాకు ఏడుపొచ్చింది. ఆమె ఆ రెండు సగాలూ బండ మీద పెట్టి సుత్తితో పిండి చేసింది. తర్వాత అదే సుత్తి పక్కనున్న దొప్పవాడి కణతకు వేసింది.

అక్కణ్ణుంచి ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పలేను. ఉలులు పొట్టల్లో దిగాయి. సున్నపు గంపలు గాల్లో లేచాయి, తెల్లటి పొగలో మనుషులు తమవాళ్ళనే తడుముకుని నరుక్కున్నారు. ఒకడు నా మీద పడి చచ్చాడు, వాడి నెత్తురు నా నోట్లోకి వెళ్ళింది. నా కుడిచేతి చూపుడువేలు మీద ఎవడో బూటుకాలితో తొక్కి, తిరిగి మరీ తొక్కాడు. ఎడంచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే మీ ఖర్మ. అంత గోలలోనూ కన్నంలోంచి "అమ్మా!" అనే కేక మాత్రం నాకు వినబడుతూనే ఉంది.

ఇద్దరు పెద్దలూ బతికే ఉన్నారు. అలాంటివాళ్ళకు చావు రాదు. పగిలిన చిప్ప చెల్లదు కాబట్టి తీర్పు కూడా చెల్లదట. కొత్త చిప్ప తీసి కొత్త తీర్పు చెప్పాలట. నీళ్ళు పైడి రొమ్ము దాకా వచ్చాయి.

చిప్ప 8. నడిమి పొర. తీర్పు: కొత్త రకం.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. దొప్ప అంటే సూరాయమ్మ గోడ ముట్టుకోదు. పలక అంటే అబ్బులు ముట్టుకోడు. నిజం చెబితే ఏమైందో చూశాను, ఇంకా నేల ఆరలేదు.

బుల్లెమ్మ ఒగరుస్తూ వచ్చింది. "అమ్మా, పిల్ల మునేళ్ళ మీద నిలబడిందమ్మా. గంజి పోత్తే నీళ్ళలో కలిసిపోతంది," అంది. కన్నంలోంచి నీళ్ళు కారడం మొదలైతే ఇక చెప్పేదేముంది? కన్నం మెడ ఎత్తున ఉంది, ధార ముందు ఆ కన్నం ఏ మూలకీ రాదు.

వెళ్ళాను. శవాలను పక్కకి లాగి దారి చేశారు. కట్టిన గోడకు పైనున్న బండ లోంచి కొత్త ముద్ద ఊడదీసి నా ఎడంచేతిలో పెట్టారు. మూసి ఉంది, గట్టిగా ఉంది, చక్కగా ఉంది. నేను దాన్ని విప్పలేదు. నీళ్ళలో ముంచి, తుడిచి, పైకెత్తి చూపించాను.

"మొన్న నేను చెప్పింది తప్పు," అన్నాను. "కన్నతల్లిని, మతి చెదిరి ఏదో వాగాను. ఇది దొప్ప కాదు. పలకా కాదు. మూడో రకం. దీని పేరు గుప్పిట. ఇన్నాళ్ళూ మనకు దొరకలేదు, ఇప్పుడు దొరికింది. ఈ నీళ్ళు మీ ఇద్దరిలో ఎవరివీ కావు."

నా జన్మలో అంత పచ్చి అబద్ధం ఆడలేదు. చీపురుపుల్లతో ఒక్కో గీతా గీకి, ఒక్కో మచ్చా కొలిచి రకం తేల్చే మనిషిని. ఆ మాట అంటుంటే నోట్లో ఊడిన పళ్ళ చోట పచ్చిపుండు మంటెత్తింది.

అబ్బులు కళ్ళు చిన్నవి చేశాడు. "అంటే పలకోళ్ళకి సుక్క కూడా రాదాండీ?"

"రాదు."

"ఆళ్ళకి రాకపోతే సాలండి," అన్నాడు.

సూరాయమ్మ నన్నే చూస్తోంది. ఆమె సగాలు మూసి, తెరిచి చూసిన మనిషి. ఆమెకు తెలుసు. నేను అబద్ధమాడుతున్నానని తెలుసు. "మూడు రకాలైతే రెండు రకాలున్నట్టే గదా," అంది చివరికి. "నా బిడ్డలు పలక కోసమే సచ్చినట్టు గదా."

"అవునమ్మా," అన్నాను.

ఆమె సుత్తి ఎత్తింది. ఇద్దరి సుత్తులూ కలిసి పడ్డాయి. గోడ పగలగానే నీళ్ళు ఒక్కసారిగా ఎగదన్ని ముందు వరసలో ఉన్నవాళ్ళను పడగొట్టాయి. ఆ నీళ్ళతో పాటే పైడి కొట్టుకొచ్చింది. పెదాలు నల్లబడ్డాయి, గోళ్ళు ఊడిపోయి వేళ్ళ చివర్లు మాంసం ముద్దలయ్యాయి. ఒళ్ళో వేసుకుని గుండెలకు అదుముకున్నాను. కాసేపటికి దగ్గింది. నా తల్లే, నా బంగారమే అని అందరి ముందూ బావురుమన్నాను.

చిప్ప 9. నడిమి పొర. తీర్పు: గుప్పిట.

చిప్ప చూడకుండానే రాశాను. ఇప్పుడు అలాగే రాయాలట. పైడి మాట.

కట్టుబాటులో ఒక చిక్కు ఉంది, అబద్ధమాడేటప్పుడు నాకు తట్టలేదు. ఏ చిప్ప ఊడితే ఆ చిప్పవాళ్ళవే నీళ్ళు. రాతిలో గుప్పిట ఉంటే, మనుషుల్లోనూ గుప్పిటవాళ్ళు ఉండాలి కదా! పైడి లేచి నిలబడే ఓపిక వచ్చిన రోజునే నడిమి సొరంగానికి వెళ్ళి, ఆ ధార పక్కన కూర్చుంది. "ఈ గోడలో ఉన్నది నేనొక్కద్దాన్నే. నేనే గుప్పిటదాన్ని," అంది. కుంటివాళ్ళు, కళ్ళు పోయినవాళ్ళు, రెండు వైపుల నుంచీ తరిమేసినవాళ్ళు ఒక్కొక్కరే దాని పక్కన చేరారు. వాళ్ళకు మొదటిసారి కడుపునిండా నీళ్ళు దొరికాయి.

అబ్బులు మనుషులతో వచ్చాడు. "పిల్లా, ఆడుకున్నది సాల్లే, లెగు," అన్నాడట. పైడి లేచింది. చేతిలో పచ్చిసున్నం గంప. అతని మొహాన బోర్లించి, కళ్ళు కనబడక గుండ్రంగా తిరుగుతుంటే, ధార కింద తొట్టిలోకి తల తొక్కిపెట్టింది. నీళ్ళలో సున్నం కుతకుత ఉడికింది. కదలిక ఆగేదాకా వదల్లేదట, అతని వెంట వచ్చినవాళ్ళు మిగతావాళ్ళ చేతుల్లో సున్నపు గంపలు చూసి దగ్గరికి రాలేదట. తర్వాత ఆ తొట్టి కడిగించింది.

ఇది విని నాకు సంతోషమేసింది, దాచను. నా బిడ్డను జుట్టు పట్టి లాగినవాడు చచ్చాడు. ఆ పూట అన్నం సహించింది కూడా. సూరాయమ్మను మాత్రం తన మనుషులే సొరంగం అంచు నుంచి తోసేశారు, మూడో రకాన్ని ఒప్పుకుని నీళ్ళు పోగొట్టిందని. ఆమె కోసం ఏడ్చాను.

చిప్ప 10. నడిమి పొర. తీర్పు చెప్పలేదు.

ఒక మూసిన చిప్ప, ఒక ఉలి పట్టుకుని పైడి దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు దానికి ఇద్దరు కాపలా. తల్లినైనా కొంగు దులిపి చూసి గానీ పంపలేదు. కొరివితో తల గోక్కున్నానని అప్పుడే తెలుసు.

"నీకో నిజం చెప్పాలే," అన్నాను. ఉలి గీతలో పెట్టాను.

"ఇప్పకమ్మా," అంది. "నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"గోడెనక ఏం సెయ్యను మరి? సీకట్లో తడుముకుంటా ఉన్నాను. మెడదాకా నీళ్ళొచ్చినప్పుడు గోళ్ళతో ఒకటి పీకాను. సేతిలోనే ఇచ్చుకుంది. ఒక సగం దొప్ప, ఒక సగం పలక. రెండూ ఒకటేనని నీకన్నా బాగా తెలుసు."

"మరి తెలిసీ..."

"తెలిసి ఏం సెయ్యమంటావే?" గట్టిగా అరిచింది. కాపలావాళ్ళు తిరిగి చూశారు. గొంతు తగ్గించింది. "ఒకటే అంటే మళ్ళీ ఆళ్ళొచ్చి కూకుంటారు. మళ్ళీ తగూ ఒత్తది. మళ్ళీ తాకట్టు పెట్టమంటారు. నేను మళ్ళీ ఆ గోడెనక్కి ఎల్లనమ్మా. సత్తే సత్తాను గానీ ఎల్లను. నాకో పేరు పెట్టావు. ఆ పేరుంటేనే నేను బతుకుతాను."

దాన్ని దగ్గరికి తీసుకోబోయాను. భుజం మీద చెయ్యి పడగానే ఉలిక్కిపడి గోడకు అతుక్కుంది. నా బిడ్డ నన్ను చూసి భయపడింది. చిప్ప విప్పకుండా వెనక్కి తెచ్చుకున్నాను.

చిప్ప లేదు. తీర్పు లేదు.

దొప్పవాళ్ళ వైపు తూర్పు ఊట ఎండిపోయింది. పసివాళ్ళు చనిపోతున్నారని విన్నాను. ఇవాళ బుల్లెమ్మ ఒక్కర్తీ ఖాళీ కుండ పట్టుకుని నడిమి సొరంగానికి వచ్చింది. నేను పైమలుపులో ఉన్నాను, అంతా చూశాను. ఆమె కాపలావాళ్ళతో తగువు పడలేదు. "పిల్లని ఒక్క కుండ అడిగి ఎల్లిపోతానయ్యా, ఆ పిల్ల నన్నెరుగుద్ది," అంది.

కాపలావాళ్ళ చాటున ఉన్న పైడి ఎరిగింది. మొహం చూస్తే తెలిసింది. గంప దగ్గరికి వంగి, ఒక్క క్షణం అలాగే ఆగింది. "ఒక్కళ్ళకి పోత్తే గట్టంతా ఒచ్చేత్తది," అని పక్కవాడితో అంది. పైకి లేచి, ముసలామె మొహాన సున్నం కొట్టింది.

నేను కిందికి ఎలా దిగానో తెలియదు. బుల్లెమ్మను ఈడ్చుకుంటూ పైకి తెచ్చాను. కొంగుతో పొడి దులిపి, ఉన్న ఆముదమంతా కళ్ళలో పోశాను. రెప్పలు అంటుకుపోయాయి. లోపల గుడ్లు ఉడికిన తెల్లసొనలా అయిపోయాయి. ఇక చూపు రాదు. నొప్పికి ఆమె నా మోచెయ్యి పట్టుకుని గోళ్ళు దింపింది. అరవలేదు.

కాస్త సద్దుమణిగాక తల నా ఒళ్ళో పెట్టుకుని పడుకోబెట్టాను. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఎవరు కొట్టారమ్మా? పొగలో కనపళ్ళేదు."

"కాపలావాళ్ళు," అన్నాను.

"పిల్ల అక్కడ లేదా?"

"లేదమ్మా."

"అదే అనుకున్నాను. ఉంటే కొట్టనిచ్చేదా?" తడుముకుంటూ నా చెయ్యి వెతికి పట్టుకుంది. "బాగుందా పిల్ల? కడుపునిండా తాగుతుందా?"

"తాగుతోంది," అన్నాను.

"పోన్లే అమ్మా. ఆ గోడెనక నుంచి బతికొచ్చింది. అంతే సాలు," అంది బుల్లెమ్మ.